ఈ వయసులో దిగులేమిటి

మే 6

అక్కా,

నెలన్నరగా నా దగ్గరనుంచి ఉత్తరం లేదని తిట్టుకుంటూ ఉంటావు. రాయడానికి ఏమీ లేక రాయలేదు, అంతే. ఇక్కడ అందరం బాగున్నాం.

ఆయన ఎప్పటిలాగే చీకటుండగానే రొట్టెల బట్టీకి వెళ్ళి మధ్యాహ్నం వస్తున్నారు. కనుబొమల మీద పిండి అలాగే ఉంటుంది. అత్తగారు మోకాళ్ళ నొప్పితోనే మూడంతస్తులూ దిగి కూరలు కొనుక్కుని ఎక్కుతారు. ఎక్కినంతసేపూ ఈ మెట్లు కట్టినవాణ్ణి తిడుతూనే ఉంటారు. ఆవిడ ఏ అంతస్తులో ఉన్నారో తిట్టును బట్టి చెప్పొచ్చు.

నేను బట్టీకి కాగితం సంచులు అంటిస్తాను కదా. ఈమధ్య అవి సాగడం లేదు. జిగురు కలుపుకుని కూర్చుంటాను. కాసేపటికి చూస్తే గిన్నెలో జిగురు గట్టిపడిపోయి ఉంటుంది, నేను అలాగే కూర్చుని ఉంటాను. ఏం ఆలోచించావని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. ముద్ద దిగడం లేదు. ఎంత పడుకున్నా లేవాలనిపించదు. పొద్దున పూట మరీ కష్టం. ఊరికే ఏడుపు వచ్చేస్తోంది. ఎండ వల్లేమో.

నీకెప్పుడైనా ఇలా అయిందా? అమ్మకి మాత్రం చెప్పకు.

కింద కొట్లో ఫోనుంది గానీ, అక్కడ మాట్లాడితే వీధంతా వింటుంది. నువ్వు ఉత్తరమే రాయి.

నీ చెల్లెలు


మే 14

ఒసే గుండుసూదీ!

ఎండ వల్లంట, ఎండ వల్ల! నీ ఉత్తరం చదివి కుట్టుమిషను ఆపేసి పకపకా నవ్వాను. బావ హడలిపోయి లోపల్నుంచి పరుగెత్తుకొచ్చాడు. ముద్ద దిగదు, పొద్దున్నే కష్టం, ఊరికే ఏడుపు. ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని, నాకు తెలీదా? పిచ్చి మొహమా, నువ్వు తల్లివి కాబోతున్నావు!

నీకు సిగ్గని నాకు తెలుసు. పెళ్ళిలో ఫొటో తీసేవాడు నవ్వమంటే నా వెనక దాక్కున్నదానివి. ఈ మాట మీ అత్తగారితో నీ నోటితో నువ్వు చెప్పేలోపు పిల్లాడు బడికి వెళ్ళిపోతాడు. అందుకని నేనే కింద కొట్టుకి ఫోను చేసి ఆవిణ్ణి పిలిపించి చెప్పేశాను. పాపం, ఫోన్లోనే ఏడ్చింది. అమ్మకి చెప్పొద్దన్నావు కదా, నిజంగా ఆగాను. అన్నం ఉడికేంతసేపు ఆగాను. ఆ తర్వాత నా వల్ల కాలేదు.

నీకు వదులు గౌన్లు కుడతాను. మన నాన్న పద్ధతిలోనే కొలతలు పంపు. టేపుతో కొలిస్తే నువ్వు అంకెలు తారుమారు చేస్తావు. నూలుపోగు చుట్టుకుని, కొసలు కలిసిన చోట కత్తిరించు. నడుముకి ఎరుపు, రొమ్ముకి తెలుపు, దండచేతికి నలుపు. నాన్న ఊళ్ళో సగం మందికి మనుషుల్ని చూడకుండా ఈ పోగులతోనే కుట్టేవాడు.

బాగా తిను. బరువులెత్తకు. నా మీద అలగకు.

నీ అక్క, నోరాగని మిషను


జూన్ 20

అక్కా,

నీ ఉత్తరం అందింది. నువ్వు ఫోను చేసి ఉండాల్సింది కాదు. చేశావు కాబట్టి ఇంకేం అనను.

అత్తగారు నన్ను మెట్లు దిగనివ్వడం లేదు. నా మంచం కిటికీ పక్కకి జరిపించారు. అక్కణ్ణుంచి బస్సులు కడిగే షెడ్డు కనిపిస్తుంది. సంచులు ఆవిడే అంటిస్తున్నారు. వంకరగా వస్తున్నాయని బట్టీ యజమాని విసుక్కుంటే, "నా మనవడు పుట్టేదాకా నీ రొట్టెలు వంకర సంచుల్లోనే అమ్ముకో" అని చెప్పించారట. మా ఆయన రోజూ పాలు తెస్తున్నారు. నా పక్కన కూర్చుని చేతుల మీది పిండి గోక్కుంటూ ఉంటారు.

ఇదివరకు పగలు పడుకుంటే అత్తగారు గడియారం వైపు చూసేవారు. ఇప్పుడు "పడుకో తల్లీ" అంటున్నారు.

పోగులు ఇందులో పెట్టాను. మరీ వదులుగా కుట్టకు.

నీ చెల్లెలు


జులై 3

చెల్లీ,

నీ పోగులు అందాయి. కత్తెర పట్టుకుని కూర్చుని, పెట్టేసి లేచాను.

పెళ్ళికి కుట్టినప్పటి నీ కొలతలు నా దగ్గర ఉన్నాయి. వాటి పక్కన నీ మూడు పోగులూ పరిచాను. ఎరుపు పెరిగింది, సరే. తెలుపు తగ్గింది. నలుపైతే రెండు వేళ్ళు తగ్గింది. ఎంతమంది కడుపుతో ఉన్నవాళ్ళకి కుట్టానో నాకే గుర్తులేదు. అందరికీ ముందు రొమ్ము దగ్గర బిగుతవుతుంది, ఆ తర్వాతే నడుము. నడుము పెరిగి, రొమ్మూ చెయ్యీ సన్నబడ్డ మనిషిని నేనింతవరకూ చూడలేదు. నీకు ఒంటికి నీరు పట్టిందా? లేక తిండే పెట్టడం లేదా?

నాకు కోపం ఆగలేదు. నిన్న మీ కింద కొట్టుకి ఫోను చేసి మీ అత్తగారిని అడిగేశాను. "మా పిల్లకి ఏం పెడుతున్నారండీ, కాగితం సంచులా?" అన్నాను. ఆవిడ ఒక్క మాటా అనకుండా ఫోను పెట్టేసింది. తప్పు లేకపోతే తిరిగి తిట్టొద్దా? మెట్లని తిట్టే నోరు నా దగ్గరెందుకు పడిపోయింది?

నేనూ బావా వస్తున్నాం. బడి యూనిఫారాలు ఈ వారంలో ఇచ్చేసి, పై ఆదివారం బయలుదేరతాం. నీ సంచి సర్దుకో. ఎవరికీ భయపడకు.

అక్క


జులై 8

అక్కా,

రావద్దు. ముందు ఇది పూర్తిగా చదువు. ఇది రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

నువ్వు ఫోను చేసిన రోజు అత్తగారు మెట్లెక్కుతుంటే ఒక్క తిట్టూ వినిపించలేదు. పైకొచ్చి, పాలు కాచి, గ్లాసు నా ముందు పెట్టి, "నేను ఇంకేం చెయ్యనమ్మా, నువ్వే చెప్పు" అన్నారు. ఆవిడ పెడుతూనే ఉన్నారక్కా. నేనే తినలేకపోతున్నాను. ఆవిడ తప్పేమీ లేదు.

నా కడుపులో ఎవరూ లేరు.

నీ ఉత్తరం వచ్చినప్పుడు ఒక నెల తప్పింది, అది నిజం. నువ్వన్నదే నిజమేమో అనుకున్నాను. తర్వాతి నెల తెలిసిపోయింది. అప్పటికే మంచం కిటికీ పక్కకి వచ్చేసింది, పాలు వచ్చేశాయి. కాదని చెప్పడానికి నోరు తెరిచి, ఆవిడ మొహం చూసి మళ్ళీ మూసుకున్నాను. పోగులు అడిగావు కదా. నడుముకి తువ్వాలు చుట్టుకుని, దాని మీదనుంచి కొలిచాను. చెయ్యి సంగతి నాకు తట్టలేదు.

సిగ్గు ఒక్కటే కాదు. కడుపుతో ఉన్నానంటే పడుకోనిస్తున్నారు. ఊరికే పడుకుంటే దాన్ని బద్ధకం అంటారు. నేను లేవలేకపోవడానికి నాకే కారణం తెలియదు. నువ్వు ఒక కారణం ఇచ్చావు. అది పట్టుకుని పడుకున్నాను.

నాకేం తక్కువ చెప్పు? కొట్టే మొగుడు కాదు, తిట్టే అత్త కాదు. ఎవరూ పోలేదు, ఏదీ పోగొట్టుకోలేదు. జీవితమంతా బరువులు మోసిన ముసలావిడకి రావాల్సిన అలసట ఇరవయ్యొకటో ఏట నాకొచ్చి పడిందేమిటి? షెడ్డులో బస్సులు కడుగుతుంటే చూస్తూ, నేను లేకపోయినా వీళ్ళకి పెద్ద తేడా ఉండదు కదా అనుకుంటున్నాను. ఏదో చేసుకుంటానని కాదు. కానీ ఆ మాట రోజూ వస్తోంది, అదే నాకు భయంగా ఉంది.

నువ్వొస్తే నా తరఫున నువ్వే మాట్లాడేస్తావు. నేను మళ్ళీ నీ వెనక దాక్కుంటాను. అందుకే రావద్దంటున్నాను. ఏం చెయ్యాలో చెప్పు చాలు.

చెల్లి


జులై 10

నా తల్లీ,

ఈ ఉత్తరం మీ ఊరు వచ్చే బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను. టపాలో వేస్తే ఎప్పటికి అందుతుందో. నువ్వు రాసింది చదివి కుట్టే గుడ్డ అక్కడే పడేసి లేచాను. మీ కొట్టుకి ఫోను చేశాను గానీ ఈసారి ఎవరినీ ఏమీ అనలేదు. నిన్ను ఒక్కదాన్నే వదలొద్దని, పక్కనే కూర్చోమని మీ అత్తగారికి చెప్పాను. "నేను కూర్చునే ఉన్నాను" అంది. మిగతాది నేను చెప్పలేదు. అది నువ్వే చెప్పాలి.

తర్వాత పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. ఎందుకో తెలుసా? ఇంట్లో అందరం ఆవిణ్ణి మహారాణి అంటాం కదా. చిన్నప్పుడు నగలుండేవేమో, అందుకని అంటారేమో అనుకునేదాన్ని. నీ ఉత్తరం చదివాక మంచం, పడుకోవడం, లేవకపోవడం, ఇదంతా ఎక్కడో విన్నట్టుందే అనిపించింది.

"పెద్దమ్మా, నిన్ను మహారాణి అని ఎందుకంటారు?" అని అడిగాను.

ఆవిడ బట్టలు మడతపెడుతోంది. చెయ్యి ఆగింది. "మంచం దిగేదాన్ని కాదు కదే, అందుకు" అంది.

"ఎప్పుడు?"

"పంతొమ్మిదో ఏడు. అప్పటిదాకా ఇంట్లో అందరికంటే గట్టిగా నవ్వేది నేనే. ఉన్నట్టుండి దీపం తగ్గించినట్టైంది. ఏడాది అలా ఉన్నా. మీ అమ్మమ్మ పొగరంది. తాతయ్య బద్ధకమన్నాడు. మా అన్న మహారాణి అన్నాడు, అందరూ నవ్వారు. నేను కూడా నవ్వా, ఏం చెయ్యను? తర్వాత దానంతటదే తగ్గింది. ముప్పై దాటాక మళ్ళీ వచ్చింది. అప్పుడెవరికీ చెప్పలేదు."

నీ సంగతి చెప్పాను. క్షమించు, ఆవిడకొక్కదానికే చెప్పాను. ఆవిడ మడతపెట్టిన చీరనే విప్పి మళ్ళీ మడతపెట్టింది. తర్వాత, "దాన్ని డాక్టరు దగ్గరికి పంపు. నాకు ఎవరూ చెప్పలేదు, మీరు చెప్పండి. దానికి మాత్రం ఏ పేరూ పెట్టనివ్వకండి" అంది.

విన్నావుగా. ఆదివారం దాకా ఆగుతాను. ఆలోపు మీ ఆయనకి చెప్పి, డాక్టరుకి చూపించుకుని, కబురు పంపు. లేకపోతే సోమవారం మీ మెట్లు నేను కూడా తిట్టుకుంటూ ఎక్కుతాను. ఆ పిచ్చి ఆలోచన ఎక్కువైతే మాత్రం ఆదివారం లేదు, సోమవారం లేదు. ఆ క్షణమే అత్తగారిని పిలిచి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమను.

నువ్వు లేకపోతే తేడా ఉండదా? నాకు ఉంటుందే. నేను ఎవరిని ఏడిపించను?

అక్క


జులై 19

అక్కా,

శనివారం నేను ఫోన్లో "వెళ్ళాను, బాగానే ఉన్నాను" అని పెట్టేశాను కదా. వెనక ముగ్గురు నిలబడి వింటున్నారు. ఇప్పుడు మిగతాది రాస్తున్నాను.

ఇంట్లో చెప్పలేనని తెలుసు. అందుకని పొద్దున్నే బట్టీకే వెళ్ళాను. అత్తగారు నా చెయ్యి వదలకుండా వెనక గుమ్మం దాకా వచ్చి, "మీరూ మీరూ మాట్లాడుకోండి" అని దూరంగా నిలబడ్డారు. ఆయన రొట్టెల పలక చేత్తో పట్టుకుని బయటికొచ్చారు. నన్ను చూసి కంగారుపడ్డారు. నేను నేల వైపు చూస్తూ అంతా చెప్పేశాను. చెప్పడం మొదలుపెట్టాక ఆపలేకపోయాను. ఆయన పిండి బస్తా మీద కూలబడ్డారు.

"అంటే పాప లేదా?" అన్నారు.

"లేదు."

చేతిలో పలక కింద పెట్టి, "నేనేమైనా చేశానా?" అన్నారు.

"లేదండీ. ఎవరూ ఏమీ చెయ్యలేదు. అదే నాకూ అర్థం కావడం లేదు."

లోపలినుంచి ఎవరో రొట్టెలు మాడుతున్నాయని అరిచారు. "మాడనీ" అన్నారు ఆయన. ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

అత్తగారికి ఆయనే చెప్తానన్నారు. వద్దు, నేనే చెప్తానన్నాను. చెప్పాను. ఆవిడ వెనక్కి తిరిగి నడిచారు. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. కానీ నా పక్కనుంచి లేవలేదు కూడా. మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్తుంటే చెప్పులు వేసుకుని ముందే నిలబడ్డారు.

డాక్టరమ్మ నన్ను చాలా అడిగింది. నిద్ర, తిండి, ఆ పిచ్చి ఆలోచన, అన్నీ. నేను చెప్పినవి రాసుకుంది, నవ్వలేదు. ఇది మనసుకొచ్చే జబ్బని, డిప్రెషన్ అంటారని, తగ్గుతుందని చెప్పింది. అప్పుడు అత్తగారు ఆగలేకపోయారు.

"నాకు అరవయ్యేళ్ళండీ. మొగుడు పోయాడు, మోకాళ్ళు పోయాయి. నాకు రాకుండా దీనికెలా వచ్చిందండీ? ఈ వయసులో దిగులేమిటి?"

డాక్టరమ్మ ఆవిడకి కూడా కుర్చీ చూపించి, "అందరూ అలాగే అనుకుంటారమ్మా. ఇది ఎప్పుడైనా రావచ్చు. కానీ మొదటిసారి ఎక్కువగా కనిపించేది ఈ వయసులోనే. పదహారు, పదిహేడేళ్ళ నుంచి ముప్పై నిండేలోపు. పోగొట్టుకున్నవాళ్ళకే రావాలని లేదు. పడుచు పిల్లలకి దిగులేమిటని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. తమకి దిగులేమిటని వాళ్ళూ అనుకుంటారు. అందుకే చాలామంది ఆలస్యంగా వస్తారు. మీరు త్వరగానే తీసుకొచ్చారు" అంది.

త్వరగా తీసుకొచ్చారన్న మాటని అత్తగారు బయటికొచ్చాక రెండుసార్లు తలుచుకున్నారు.

మాత్రలు ఇచ్చింది. పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందట, మధ్యలో మానకూడదట. వారం వారం వచ్చి మాట్లాడమంది. మాట్లాడటం కూడా మందేనట. నోరు విప్పని నాకు ఇవ్వాల్సిన మందే ఇచ్చింది!

ఈ చివరి మాట రాశాక నాకు నవ్వొచ్చింది. నిజంగా వచ్చింది.

చెల్లి


సెప్టెంబరు 25

గుండుసూదీ,

నీ ఉత్తరాలు పొడుగవుతున్నాయి, చేతిరాత కూడా కాస్త నిలబడుతోంది. మొన్న నేనొచ్చినప్పుడు మీ అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుని తిట్టమన్నాను. "మెట్లకే సరిపోవడం లేదు, నీకెక్కడ మిగులుతాయి" అంది. అంత మంచి మనిషిని నేను ఆ కాగితం సంచుల మాట అన్నానా!

పెద్దమ్మ కూడా మా ఊరి డాక్టరుకి చూపించుకుంది. ఈ వయసులో ఎందుకు పెద్దమ్మా అంటే, "ఆ వయసులో చూపించుకోలేదు కాబట్టి" అంది.

ఇప్పుడు నా గోల విను. పెద్దమ్మకి పంతొమ్మిదిలో. నీకు ఇరవయ్యొకటిలో. మా పెద్దదానికి పద్నాలుగు నిండాయి. డాక్టరమ్మ చెప్పిన వయసు మా గుమ్మంలోకి వచ్చేసింది. అది కాస్త ఆలస్యంగా లేస్తే నా గుండె గుభేలుమంటోంది. అన్నం వదిలేస్తే కంచం వైపే చూస్తున్నాను. "ఏంటమ్మా అలా చూస్తావు, మొటిమ వచ్చిందా?" అంటోంది. నిన్న గదిలో తలుపేసుకుంది. నేను బయట నిలబడి చెవి పెట్టి వింటుంటే బావ చూసి, దొంగ దొరికిందన్నాడు.

నవ్వులాటకి రాస్తున్నాను గానీ నాకు నిద్ర పట్టడం లేదే. నీ సంగతే నేను కనిపెట్టలేకపోయాను. ఏడుపొస్తోందని నువ్వు రాస్తే పకపకా నవ్వినదాన్ని. దానికొస్తే మాత్రం కనిపెడతానా? నేనేం చెయ్యాలి?

అక్క


అక్టోబరు 12

అక్కా,

నువ్వు నన్ను ఏం చెయ్యాలని అడగడం ఇదే మొదటిసారి. ఆ ఉత్తరం ఆయనకి చూపించాను. "మీ అక్కేనా రాసింది?" అన్నారు.

నాకు పూర్తిగా తగ్గలేదు. కొన్ని రోజులు ఇప్పటికీ బరువుగానే ఉంటాయి. అయితే ఇదివరకు అన్నీ ఒకేలా ఉండేవి. ఇప్పుడు బరువు రోజుకీ మామూలు రోజుకీ తేడా తెలుస్తోంది. ముద్ద రుచి తెలుస్తోంది. మొన్న ఆయన కొత్త రకం రొట్టె తెస్తే ఉప్పెక్కువైందన్నాను. ఆయన ఎంత సంతోషపడ్డారో! అత్తగారు మా వీధి చివర టైలరుషాపు కూతురు మూడు వారాలుగా బయటికి రావడం లేదని విని, వాళ్ళింటికి వెళ్ళి తలుపు కొట్టి, "పిల్ల వయసెంత? డాక్టరుకి చూపించారా?" అని అడిగొచ్చారు. వాళ్ళు ముందు కోప్పడ్డారట. సాయంత్రం ఆ పిల్ల తల్లి మా మెట్లెక్కి వచ్చింది. చాలాసేపు నాతో మాట్లాడి వెళ్ళింది. ఏం చెప్పానో నాకు సరిగ్గా గుర్తులేదు. కానీ నేనే చెప్పాను, ఎవరి వెనకా నిలబడకుండా.

నీ పెద్దమ్మాయి సంగతి డాక్టరమ్మని అడిగాను. ఇంట్లో ఒకరికుంటే మిగతావాళ్ళకి వచ్చే అవకాశం కాస్త ఎక్కువట, కానీ చాలామందికి రాదట. కాబట్టి తలుపుకి చెవి పెట్టడం మానెయ్యి. అది పద్నాలుగేళ్ళ పిల్ల, ఆలస్యంగా లేస్తుంది, తలుపేసుకుంటుంది. అదంతా జబ్బు కాదు. వారాల తరబడి ఏదీ ఇష్టం లేకుండా పోతే, తనకి ఇష్టమైనవాళ్ళు కూడా బరువనిపిస్తే, అప్పుడు చూడాలి. అప్పుడు కూడా నీకు తెలియకపోవచ్చు. నువ్వు కనిపెట్టలేకపోయావని ఏడవకు. నేనే తువ్వాలు చుట్టుకున్నాను కదా. దానికి దాచుకోవాల్సిన పని లేని ఇల్లైతే చాలు.

పెద్దమ్మ కథా నా కథా దానికి చెప్పు. మెల్లగా, మామూలు మాటలా చెప్పు. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడే పెద్దమ్మ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే, ఇది నా ఒక్కదానికే వచ్చిన వింత అనుకునేదాన్ని కాదు.

సెలవులివ్వగానే దాన్ని నా దగ్గరికి పంపు. ఏదో ఉందని కాదు, ఊరికే. సంచులు అంటిద్దాం, బట్టీ చూపిస్తాను. దానికి ఈ పిన్ని అలవాటవ్వాలి. నన్ను అందరూ ఎందుకు, ఎందుకు అని అడిగారక్కా. నాకు తెలియక ఇంకా కుంగిపోయాను. డాక్టరమ్మ ఒక్కతే వేరేలా అడిగింది. ఎప్పుడైనా నీ కూతురు నా పక్కన కూర్చుని, "ఊరికే అలసటగా ఉంది పిన్నీ" అంటే, నేను ఎందుకని అడగను. చేతిలో పని పక్కన పెట్టి, "ఎప్పట్నుంచి?" అని అడుగుతాను.

నీ చెల్లెలు